శుక్రవారం ప్రార్థనలో ఉన్నవాళ్ళు

"గుడివాడ మీటింగులో ఎలీషా గారి కండువా పట్టుకుని లాగారా, లేదా?"

"లాగానండి. హాలంతా చూస్తుండగా లాగాను. ఇప్పుడు లేదంటే ఎవరు నమ్ముతారు?"

రామ్‌ప్రసాద్ అబద్ధమాడే ఓపిక కూడా లేనట్టు కూర్చున్నాడు. ఎర్ర లుంగీ, ఎర్ర చొక్కా, మెడలో భవానీ మాల. బందరు పోలీసులు నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. కాపలా కానిస్టేబుల్ లోపలికి తొంగిచూసి, "భవానీ, మంచినీళ్ళు కావాలా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. దీక్షలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. హత్య కేసులో లోపల వేయడానికి మాత్రం అభ్యంతరం లేదు.

నన్ను పెట్టుకున్నది అతని భార్య రాధాకుమారి. నా పేరు కృపాకుమారి. పదేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీకి క్లెయిముల ఎంక్వయిరీ చేసి, ఆ తర్వాత గుడివాడలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాను. కాలిన షాపులూ, చచ్చిన రొయ్యలూ చూసినంతగా శవాలను చూడలేదు. అందుకేనేమో ఇలాంటి కేసుల్లో నాకు నిద్ర పట్టదు.

చనిపోయిన ఎలీషా, చంపాడంటున్న రామ్‌ప్రసాద్, ఇద్దరిదీ ఒకటే పార్టీ. రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీ. ఆ పార్టీ ఇప్పుడు పన్నుల దగ్గర నిలువునా చీలిపోయింది. ఖజానాలో డబ్బు లేదు, ఇంటిపన్ను పెంచక తప్పదని సగం మంది. పెంచితే ఊళ్ళో తలెత్తుకుని తిరగలేమని మిగతా సగం. దివిసీమ నాయకుడు ఎలీషా పెంచాలన్నవాడు. 'కరకట్ట తెగితే నీళ్ళు నీది ఏ వర్గమని అడిగి రావు' అని మీటింగుల్లో గొంతు చించుకునేవాడు. పెడన చేనేత సంఘం నాయకుడు రామ్‌ప్రసాద్ వద్దన్నవాడు. కొత్త లెక్క ప్రకారం మగ్గం ఉన్న ఇల్లు వ్యాపార భవనం కింద వస్తుంది. నేతగాడి ఇంటికి బట్టల షాపు పన్ను పడుతుంది. కండువా లాగింది ఆ కోపంతోనే.

రేపు బందరులో జిల్లా కార్యవర్గం కూర్చుని తీర్మానం చేస్తుంది. ఈలోగా 'వద్దు' వర్గం నాయకుడు హంతకుడిగా జైలుకెళ్తే ఆ వర్గం నోరు పడిపోయినట్టే.

"గుడివాడ గొడవ తర్వాత ఆయన్ని మళ్ళీ కలిశారా?"

"ఆయనే వచ్చాడండి పెడనకి. ఒక్కడే." రామ్‌ప్రసాద్ గొంతు సర్దుకున్నాడు. "మా ఆవిడ గుంట మగ్గంలో కూర్చుని నేస్తోంది. కుర్చీ వేస్తే వద్దని గడప మీదే కూర్చున్నాడు. చాలాసేపు ఆవిడ నేయడం చూశాడు. తర్వాత, 'రామ్‌ప్రసాదూ, దీన్ని షాపని రాసినోడు ఈ గదిలోకి ఎప్పుడన్నా వచ్చాడా?' అన్నాడు. నాకు ఏడుపొచ్చిందండి. వారం కిందట నేను మెడ పట్టుకున్న మనిషి."

"ఏం తేల్చుకున్నారు?"

"మగ్గం ఇళ్ళ జోలికి పోకూడదు. కరకట్టకి కావాల్సింది పెద్ద పెద్ద చేపల చెరువుల మీద వెయ్యాలి. ఈ మాట ఇద్దరం ఒకే స్టేజీ మీద నిలబడి చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం తన చెరువు దగ్గర షెడ్డుకి రమ్మన్నాడు, ఏం మాట్లాడాలో అనుకుందామని. నేను వెళ్ళి రోడ్డు మీదే ఆగి ఫోను చేశానండి. ఎత్తలేదు. టీ కొట్టు దగ్గర చాలాసేపు చూసి వచ్చేశాను. అప్పటికే ఆయన..." మిగతాది మింగేశాడు.

"ఈ ఒప్పందం సంగతి ఇంకెవరికి తెలుసు?"

"'మా బావకి తప్ప ఎవరికీ చెప్పలేదు' అన్నాడండి ఎలీషా గారు."

ఆ బావ డేవిడ్ రాజు. ఎలీషా భార్య హెప్సిబాకి తోడబుట్టిన అన్న. దివిసీమలో పెద్ద చేపల చెరువులన్నీ ఆయనవే అంటే పెద్ద తప్పేం కాదు. పార్టీలో 'పెంపు' వర్గానికి డబ్బూ, కార్లూ, మనుషులూ ఆయనవే. ఇంటిపన్ను పెరిగితే ఆయనకేం నొప్పి లేదు. చెరువుల మీద పడితే ఉంది. అయితే ఒక చిక్కుంది. శుక్రవారం మధ్యాహ్నమంతా ఆయన చర్చిలో ముందు వరసలో ఉపవాస ప్రార్థనలో ఉన్నాడు. పాస్టరు గారితో సహా సంఘమంతా సాక్ష్యం.

సి.ఐ. ప్రకాశరావు నన్ను తన గదిలోకి పిలిచి మరీ కూర్చోబెట్టాడు. గెలిచానన్న సంతోషాన్ని ఎవరితోనైనా పంచుకోవాలి కదా.

"షెడ్డు వెనక బురదలో చెప్పుల్లేని పాదాల గుర్తులు మేడమ్. మీ క్లయింటు దీక్షలో ఉన్నాడు, చెప్పులు వేసుకోడు. ఆ టైములో అక్కడే ఉన్నాడని టీ కొట్టువాడు చెప్పాడు. గుడివాడలో మీద పడి కొట్టబోయాడు. ఇంకేం కావాలి మీకు?"

"పాదాల కొలతలు సరిపోయాయా?"

"ఆ రాత్రి వాన పడింది. మాకు మిగిలింది ఫొటోలే." ఫోను నా ముందుకు తోశాడు.

నేను ఫొటోలు పెద్దవి చేసి చూశాను. "రోడ్డు నుంచి షెడ్డుకి కంకర దారి ఉంది. ఈ గుర్తులు షెడ్డుకి అటు పక్కన ఉన్నాయి, చర్చి గోడ వైపు. రోడ్డు మీద నుంచి వచ్చినవాడు అటెందుకు వెళ్తాడు?"

"దొంగదారిన వచ్చాడు."

"దొంగదారిన వచ్చేవాడు టీ కొట్టు ముందు నిలబడి అందరికీ కనపడతాడా?"

ప్రకాశరావు ఫోను వెనక్కి లాక్కున్నాడు. "మీరు ఇన్సూరెన్సులో చేసేవారు కదా. చచ్చిన రొయ్యలకీ, చచ్చిన మనిషికీ తేడా ఉంటుంది మేడమ్."

"ఉంటుంది. రొయ్యల కేసుల్లో ఇంత తొందరపడేవాళ్ళని నేను చూళ్ళేదు."

అతని మొహం ఎర్రబడింది. మళ్ళీ తనే తగ్గాడు. "రేపటి మీటింగు లోపల తేల్చమని పైనుంచి ఒకటే ఫోన్లు. నేనేం చేసేది?"

"ఏ వర్గం నుంచి?"

"రెండు వర్గాల నుంచీ," అన్నాడు. ఆ కాసేపే అతని మీద నాకు జాలేసింది.

మధ్యాహ్నానికి దివిసీమలో ఎలీషా ఇంట్లో ఉన్నాను. భూస్థాపన అయి మూడో రోజు. కాసేపట్లో చర్చిలో ఆదరణ కూటం, పోయినవాళ్ళ ఇంటివారికి ధైర్యం చెప్పే ప్రార్థన. తెల్లచీరలో హెప్సిబా మంచం పట్టె మీద కూర్చుని ఉంది. పక్కనే కుర్చీలో డేవిడ్ రాజు. నేను వందనాలు చెప్పాను. ఆమె తల ఊపింది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"హెప్సిబా గారూ, ఎలీషా గారు పన్ను విషయంలో మనసు మార్చుకున్నారని మీకు తెలుసా?"

"చెల్లెలికి రాజకీయాలు తెలీవండి," అన్నాడు డేవిడ్ రాజు.

"శుక్రవారం ఆయన ప్రార్థనకి రాలేదెందుకు?"

"చెరువు దగ్గర పనుంది, చివర్లో వస్తానన్నాడు బావ. మేమంతా కనిపెట్టుకుని ఉన్నాం." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "దీని పరిస్థితి చూస్తున్నారుగా. ఐదు రోజులుగా మాట్లాడట్లేదు. క్షణం కూడా వదలకుండా నేనే ఉంటున్నా."

"నేను ఆవిణ్ణి అడుగుతున్నానండి."

హెప్సిబా అన్న మొహంలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి. "కాఫీ తాగుతారా?" అంది. అంతే. లేవబోతుంటే ఆయన భుజం మీద చెయ్యేసి, "అమ్మడూ, నువ్వు కదలకు" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు, ఇలాంటి అన్న ఎవరికుంటాడని గుసగుసలాడుకున్నారు.

చర్చి ఆ ఇంటికి నాలుగు ఇళ్ళ అవతల. వెనక గోడ దాటితే ఎలీషా చెరువు, చెరువు గట్టు మీద షెడ్డు. శుక్రవారం అక్కడే తల వెనక దెబ్బ కొట్టి, తూము దగ్గర నీళ్ళలోకి తోసేశారు. నేను మొదట చర్చిలోకి వెళ్ళాను. కుర్చీలు సర్దుతున్నారు. డేవిడ్ రాజు కూర్చునే చోటు చూపించమన్నాను. ముందు వరసలో గోడవారగా ఉంది. ఆ పక్కనే చిన్న తలుపు. తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. బయటికి అడుగేశాను.

గోడ వెంట పచ్చిక, పచ్చిక దాటాక బురద, బురద తర్వాత షెడ్డు వెనక భాగం. రోడ్డు ఇటు కనపడనే కనపడదు. షెడ్డు దాకా వెళ్ళాను. లోపల వలలు, మేత బస్తాలు, ఒక మడత మంచం. తూము దగ్గర నీళ్ళు అలాగే పారుతున్నాయి. ఇక్కడ ఒక మనిషి తన నేలకి కట్ట కావాలని, పక్కవాడి ఇంటికి న్యాయం కావాలని రెండూ కోరుకుని చచ్చిపోయాడు.

వెనక్కి తిరిగితే బురదలో నా అడుగులు కనిపించాయి. చర్చి తలుపు నుంచి షెడ్డు దాకా, వేళ్ళతో సహా. ప్రకాశరావు ఫోనులో చూసినవి ఇలాంటివే.

నా చెప్పులు చర్చి ముందు గుమ్మం దగ్గర ఉన్నాయి. చిన్నప్పటి నుంచి అలవాటు, అక్కడ విడిచి లోపలికొస్తాం. విడిచినట్టు కూడా గుర్తుండదు. శుక్రవారం మధ్యాహ్నం ఈ చుట్టుపక్కల చెప్పుల్లేకుండా ఉన్నది దీక్షలో ఉన్న ఒక్క రామ్‌ప్రసాద్ కాదు, సంఘం మొత్తం.

పాస్టరు దైవాధీనం గారు తలుపు దగ్గరికొచ్చి నా కాళ్ళు చూసి, "అయ్యో, బురదైపోయిందేంటమ్మా!" అన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఇంట్లో అన్నం వండి వార్చి రావచ్చని ఊళ్ళో పిల్లలు నవ్వుకుంటారు.

"అయ్యగారూ, శుక్రవారం డేవిడ్ రాజు గారు ఇక్కడే ఉన్నారా?"

"మొదట్నుంచీ ఆమెన్ దాకా. నా ఎదురుగానే. సంతకం పెట్టిచ్చానమ్మా."

"మీరు ప్రార్థన చేస్తూ చూశారా?"

"చూడ్డమేంటి, ఎదురుగా..." ఆయన ఆగిపోయారు.

"ప్రార్థనలో మీరు కళ్ళు తెరుస్తారా అయ్యగారూ?"

యాభై ఏళ్ళుగా తెరవలేదని ఆయన మొహమే చెప్పింది. సంఘంలో ఎవరూ తెరవరు. అందరూ ఏకస్వరంతో బిగ్గరగా ప్రార్థిస్తుంటే తలుపు చప్పుడు వినపడదు. మొదట్లో ఉన్నాడు, ఆమెన్ అప్పుడు ఉన్నాడు. మధ్యలో ఉన్నాడని అందరూ నమ్మారు, నమ్మిందే చూశామని చెప్పారు. ఒక్కరు కూడా కావాలని అబద్ధమాడలేదు. నేనున్నా అదే చెప్పేదాన్ని.

"ఆ రోజు మన సంఘం కానివాళ్ళు ఎవరైనా వచ్చారా?"

"వెంకటరత్నమ్మ అని, మనవరాలికి జ్వరం తగ్గట్లేదని ప్రార్థన చేయించుకోడానికి వచ్చిందమ్మా. హిందువులు."

వెంకటరత్నమ్మ రెండు వీధుల అవతల, పంచలో బియ్యం చెరుగుతోంది. నేను అడగ్గానే చేట కింద పెట్టేసి చేతులు జోడించింది.

"తప్పైపోయిందమ్మా. అయ్యగారు అందరూ కళ్ళు మూసుకోండన్నారు. నేనూ మూసుకున్నాను. ఒక్కసారిగా అందరూ అరుస్తుంటే భయమేసి తెరిచేశాను. దానికే పిల్లకి జ్వరం తగ్గలేదు. అయ్యగారికి చెప్పకమ్మా."

"కళ్ళు తెరిస్తే ఏం కనిపించింది?"

"డేవిడ్ రాజు గారు పక్క తలుపులోంచి వెళ్తున్నారు. చాలాసేపటికి వచ్చారు. కాళ్ళు కడుక్కుని వచ్చినట్టున్నారు, బండల మీద తడి పడింది. దొడ్డికెళ్ళారనుకున్నా."

పోలీసులు ఆమెను అడగనే లేదు. సంఘం జాబితాలో లేదు కదా. ఆవిడ తనంతట తాను చెప్పలేదు, చెబితే దేవుడి దగ్గర చేసిన తప్పు బయటపడుతుందని. ఆవిడ చేతులు పట్టుకుని, పిల్లను వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళమని చెప్పి, నీ తప్పేం లేదని రెండుసార్లు అన్నాను. నమ్మలేదు.

నేను చర్చికి తిరిగొచ్చేసరికి కార్లు నిండిపోయాయి. రెండు వర్గాల నాయకులూ వచ్చారు. చావు దగ్గర కూడా ఫ్యాను కింద ఒక వర్గం, కిటికీల దగ్గర ఇంకో వర్గం. బందోబస్తుకి వచ్చిన ప్రకాశరావుని పక్కకి పిలిచి అంతా చెప్పాను. అతను నవ్వలేదు. అది మంచి సూచనే అనుకున్నాను.

"ఆవిడ కొడుకు ఎవరి దగ్గర పని చేస్తున్నాడో తెలుసా మేడమ్? డేవిడ్ రాజు చెరువు మీద కాపలా. కోర్టులో నిలబడుతుందా?"

"అడగండి."

అడిగాడు. కూటానికని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ వెంకటరత్నమ్మ మా ఇద్దరినీ, లోపల మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న డేవిడ్ రాజునీ చూసి, "నాకేం తెలీదు బాబూ, నేను కళ్ళు మూసుకునే ఉన్నాను" అంది.

ప్రకాశరావు నా వైపు తిరిగాడు. "పాస్టరు గారి సంతకం ఒక పక్క, ఈవిడ ఒక పక్క. సాయంత్రం మీవాణ్ణి రిమాండుకి పంపిస్తున్నాను. నా మీద కోపం పెట్టుకోకండి."

మా వెనకే ఉన్న దైవాధీనం గారు ఆ మాట విన్నారు. బైబిలు చంకలో పెట్టుకుని మెల్లగా వేదిక మీదికి వెళ్ళారు. పాట పాడించలేదు. వాక్యం చదవలేదు.

"ప్రార్థనకి ముందు ఒక మాట," అన్నారు. "శుక్రవారం డేవిడ్ రాజు గారు చివరిదాకా నా ఎదురుగా ఉన్నారని పోలీసు వారికి సంతకం పెట్టిచ్చాను. నేను చూడలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాను. చూడంది చూశానని చెప్పాను. దేవుడు నన్ను క్షమించాలి. మీరంతా కూడా నాలాగే చెప్పారు. ఆ వేళ మీలో ఎవరైనా కళ్ళు తెరిచి ఉంటే, అది పాపం కాదు. లేచి చెప్పండి."

ఎవరూ లేవలేదు. నాయకులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డేవిడ్ రాజు పక్కవాళ్ళతో, "అయ్యగారికి పెద్దతనం వచ్చేసింది, పాపం" అన్నాడు, అందరికీ వినపడేలాగే. వెనక వరసలో కూర్చున్న వెంకటరత్నమ్మ కొంగు తల మీదికి లాక్కుని నేలకేసి చూస్తోంది. ప్రకాశరావు తలుపు వైపు కదిలాడు. ఇక అయిపోయిందనుకున్నాను. రాధాకుమారికి ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను.

ఆడవాళ్ళ వైపు ముందు వరసలో తెల్లచీర కదిలింది. హెప్సిబా లేచి నిలబడింది.

"నేను తెరిచానండి," అంది. ఐదు రోజులుగా సరిగ్గా మాట్లాడని గొంతు, బొంగురుపోయి ఉంది. "మా ఆయన ఇంకా రాలేదేంటని తలుపు వైపు చూశాను. అన్నయ్య బయటికి వెళ్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కూడా చూశాను. పంచె అంచు తడిసి ఉంది. నేను చూశానని అన్నయ్యా చూశాడు."

"అమ్మడూ, కూర్చో," అన్నాడు డేవిడ్ రాజు. ఎంతో మెత్తగా అన్నాడు.

"నా కళ్ళే నన్ను మోసం చేశాయేమో అనుకున్నాను అయ్యగారూ. తోడబుట్టినవాడు. ఆ రోజు నుంచి నా దగ్గర్నుంచి కదల్లేదు. ఫోను తన దగ్గరే పెట్టుకున్నాడు. రాత్రిళ్ళు నా గుమ్మానికి అడ్డంగా పడుకుంటున్నాడు. తింటే గానీ ఒప్పుకోనని కలిపి ముద్దలు పెట్టాడు. నా భర్తని చంపిన చేత్తో ఐదు రోజులుగా అన్నం తింటున్నానండి."

"దీనికి మతి చెడింది. కూర్చో అంటున్నానా!" ఈసారి మెత్తదనం లేదు. ఆయన లేచాడు. ప్రకాశరావు ముందు గుమ్మం వదిలేసి, గోడవార ఉన్న చిన్న తలుపు దగ్గరికి గబగబా నడిచి దానికి అడ్డంగా నిలబడ్డాడు. నేను హెప్సిబా పక్కకి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె కూర్చోలేదు. అప్పుడు వెనక వరసలో వెంకటరత్నమ్మ కొంగు దించుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.